వంటింట్లో ఐదు యమాలు: గొడవ పడకుండా గూళ్లు సర్దుకుందాం

 

ఈ వారం వీడియోలో యమ నియమాల గురించి మాట్లాడుకున్నాం కదా. చివర్లో "ఇవి నాకు మా వంటింట్లో ఎలా అర్థమయ్యాయో రాసి పెడతాను" అన్నాను. అదే ఇది. వీడియో చూడనివాళ్లకి కూడా అర్థమయ్యేలాగే రాస్తున్నా. కాస్త పెద్దదే, కాఫీ కలుపుకుని కూర్చోండి.

ముందు నేను చేసిన తప్పు చెప్పాలి. అది దాచేసి మీకు ధర్మం చెప్తే బాగుండదు.

నాన్నగారు పోయాక అమ్మ కోనసీమలో ఇల్లు ఖాళీ చేసి హైదరాబాద్‌లో మా దగ్గరికి వచ్చేసింది. మాది కూకట్‌పల్లిలో రెండు బెడ్‌రూముల ఫ్లాట్. వంటగది ఎంతంటే, లోపల ఇద్దరుంటే మూడోవాళ్లు గుమ్మంలో నిలబడి మాట్లాడాలి. అమ్మతో పాటు ఒక చిన్న ట్రక్కు సామాను వచ్చింది. అందులో సగం వంట సామానే. ఇత్తడి బిందెలు, గుండిగ, పెద్దదాన్నుంచి చిన్నదాకా వరసగా స్టీలు డబ్బాలు, ఆవకాయ జాడీలు, కత్తిపీట, కవ్వం, మూడు పప్పుగుత్తులు, లెక్కలేనన్ని ఖాళీ హార్లిక్స్ సీసాలు. అటక నిండిపోయింది. తర్వాత బాల్కనీ నిండింది. ఆ తర్వాత నా బుర్ర నిండింది.

ఒక ఆదివారం అమ్మ, మా ఆవిడ గుడికి వెళ్లారు. నేను ఇంట్లో ఒక్కణ్నే. ఆ ముందు వారమే ఇల్లు సర్దే వీడియోలు వరసగా ఓ పది చూసి ఉన్నాను. మంచి ఊపు మీద ఉన్నా. ఆఫీసులో ఎవరూ వాడని పాత కోడ్ ఉంటే డిలీట్ చేసేస్తాం కదా, ఇదీ అంతే అనుకున్నా. కింద "పాత సామాన్లు కొంటాం" అని అరుపు వినిపించింది. పైకి పిలిచా. సొట్టలు పడ్డవి, మూతలు సరిగ్గా పట్టనివి, రంగు పోయినవి, అన్నీ రెండు గోనెసంచుల్లోకి వెళ్లిపోయాయి. వంటగట్టు మెరిసిపోయింది. అమ్మ ఎంత సంతోషిస్తుందో అనుకున్నా.

అమ్మ వచ్చింది. చూసింది. గూళ్లు ఒక్కొక్కటీ తెరిచింది. "ఆ సొట్ట డబ్బా ఏదిరా?" అంది. చెప్పాను. ఏం మాట్లాడలేదు. "సరేలే నాన్నా, వస్తువే కదా" అని లోపలికి వెళ్లిపోయింది. ఆ రోజు రాత్రి అన్నం తినలేదు.

మా ఆవిడ మెల్లగా అడిగితే అప్పుడు చెప్పింది. మనవైపు పెళ్లిళ్లలో పెట్టే స్టీలు సామాను మీద పేర్లు కొట్టిస్తారు కదా. ఆ డబ్బా అమ్మ పెళ్లికి అమ్మమ్మ పెట్టింది. దాని మీద అమ్మమ్మ పేరు ఉంది. ఇంకో సంగతి కూడా ఉంది. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీదకి తుపాను వచ్చింది. అప్పటికి నేను అమ్మ కడుపులో ఉన్నాను. ఇంటి పెంకులు లేచిపోయాయి, కొబ్బరిచెట్లు వరసగా పడిపోయాయి, దారులు మూసుకుపోయాయి. కొట్టు లేదు, కరెంటు లేదు. ఇంట్లో అన్నీ తడిసిపోయినా ఆ డబ్బా మూత గట్టిగా ఉండటంతో లోపల అటుకులు, బెల్లం పొడిగా ఉన్నాయి. మొదటి రెండు రోజులు మా ఇంట్లోవాళ్లు, పక్కిళ్ల పిల్లలు అవే తిన్నారు. ఆ రాత్రి గూడు మీంచి పడిందే ఆ సొట్ట.

ఆ డబ్బాని నేను కిలోల లెక్కన అమ్మేశాను.

మర్నాడు పొద్దున్నే ఆ పాత సామాన్ల షాపుకి వెళ్లాను. రాత్రే లోడు వెళ్లిపోయిందన్నారు. అంతే. అది మళ్లీ దొరకలేదు. ఈ కథలో దాన్ని తిరిగి తెచ్చే ముక్క లేదు, ముందే చెప్పేస్తున్నా.

వరసలో ఉంది అసలు సంగతి

నేను చేసింది తప్పని తెలుసు. కానీ ఎక్కడ తప్పు? ఎక్కువ వస్తువులు పోగేసుకోకూడదనే కదా మన శాస్త్రం కూడా చెప్పేది? అపరిగ్రహం అంటే అదే కదా? ఈ ప్రశ్నతో పతంజలి యోగసూత్రాలు మళ్లీ తెరిచాను. రెండో పాదం, సాధన పాదం. అందులో ఐదు యమాలు చెప్తారు. (యముడు కాదండీ, యమం అంటే మనల్ని మనం అదుపులో పెట్టుకోవడం.) అహింస, సత్యం, అస్తేయం, బ్రహ్మచర్యం, అపరిగ్రహం.

చిన్నప్పటి నుంచి ఈ లిస్టు వింటూనే ఉన్నా. వరస మాత్రం ఆ రోజే గమనించా. అపరిగ్రహం ఐదోది. అహింస మొదటిది. యోగసూత్రాలకి వ్యాసభాష్యం అని ఒక వ్యాఖ్యానం ఉంది. అందులో ఇంకా సూటిగా, మిగతా యమ నియమాలన్నిటికీ మూలం అహింసే, అవన్నీ దాన్ని నిలబెట్టడానికే ఉన్నాయి అంటారు. అంటే మొదటిది తప్పితే తర్వాతవి ఎంత బాగా చేసినా ఫలితం రాదు. నేను నాలుగు మెట్లు వదిలేసి ఐదో మెట్టు మీదకి ఒకేసారి దూకాను. కాలు విరిగింది నాకు కాదు, అమ్మ మనసు విరిగింది.

తర్వాత నెల రోజులకి అమ్మ, మా ఆవిడ, నేను కలిసి అదే వంటిల్లు మళ్లీ సర్దాం. ఈసారి వరస ప్రకారం. ఆ ఐదు మెట్లే మీకు చెప్తున్నా.

1. అహింస: ముందు ఎవరి మనసూ నొప్పించకుండా

మొదటి నియమం. నాది కాని వస్తువు మీద నిర్ణయం నాది కాదు. అమ్మ గిన్నె గురించి అమ్మే చెప్పాలి. అత్తగారి జాడీ గురించి అత్తగారే చెప్పాలి. రూమ్మేట్ ప్రెషర్ కుక్కర్ గురించి రూమ్మేటే చెప్పాలి. మీరు అడగొచ్చు. కానీ ఎలా అడుగుతున్నారో చూసుకోండి. "ఇది ఎందుకమ్మా ఇంకా?" అంటే అది ప్రశ్న కాదు, తీర్పు. "ఇది ఎక్కడిదమ్మా?" అని అడిగి చూడండి. మా ఇంట్లో ఈ ఒక్క మాట మార్చాక అంతా మారిపోయింది. ప్రతి గిన్నెకీ ఒక కథ బయటికి వచ్చింది. కథ చెప్పేశాక చాలాసార్లు అమ్మే "ఇంకెందుకులే, ఇచ్చేద్దాం" అనేది. కథ మన దగ్గర ఉండిపోయాక ఆవిడకి గిన్నె దాచుకోవాల్సిన పని లేకపోయింది.

రెండోది, మన మీద మనం చేసుకునే హింస. ఆదివారం ఒక్కరోజులో మొత్తం వంటిల్లు దింపేసి, మధ్యాహ్నం మూడింటికి నేల మీద గిన్నెల మధ్య కూర్చుని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలీక, ఒకళ్ల మీద ఒకళ్లు అరుచుకోవడం మనందరికీ అనుభవమే. అలా వద్దు. రోజుకి ఒక్క అర. ఇరవై నిమిషాలు. టైమర్ మోగగానే ఆపేయండి, పని మధ్యలో ఉన్నా సరే. పొయ్యి దగ్గర అర ఒకరోజు, గరిటెల సొరుగు ఒకరోజు, పోపుల డబ్బా ఒకరోజు. నిత్యపూజ ఎలా చేస్తాం? ఏడాదికి ఒకరోజు పన్నెండు గంటలు చేయం. రోజూ కాసేపు చేస్తాం. ఇదీ అలాగే.

శుక్రవారం ఇంట్లోంచి వస్తువు బయటికి ఇవ్వకూడదని పెద్దవాళ్లు అంటే వాదించకండి. శనివారం ఇవ్వండి. ఒక్కరోజులో కొంప మునిగిపోదు.

ఇంకో హింస మనకి కనపడదు. పగిలిన గాజుగ్లాసు, తుప్పు పట్టిన కత్తి అలాగే చెత్త కవర్లో వేసేస్తాం. పొద్దున్నే దాన్ని చేత్తో ఎత్తేది ఇంకో మనిషి. వాటిని మందంగా పేపర్లో చుట్టి, పైన పెద్ద అక్షరాలతో "గాజు" అని రాసి విడిగా ఇవ్వండి. తడి చెత్త, పొడి చెత్త, ప్రమాదకరమైన చెత్త ఇంట్లోనే వేరు చేయాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనల్లోనే చెప్పారు. చట్టం లేకపోయినా, అహింస అంటే ఇదే.

2. సత్యం: మనం నిజంగా ఏం వండుకుంటున్నాం?

ఇక్కడ నా పరువు పోయింది. వినండి.

అమ్మ సామానే ఎక్కువ అని కదా నా గొడవ. సరే చూద్దామని, రెండు వారాలు ఒక చిన్న పని చేశాం. వాడిన ప్రతి వస్తువునీ కడిగాక అరలో ముందు వరసలో పెట్టడం. వాడనిది దానంతట అదే వెనక్కి వెళ్తుంది. రెండు వారాల తర్వాత వెనక వరస చూస్తే, అమ్మవి తక్కువ. నావే ఎక్కువ. ఎయిర్ ఫ్రయర్. లాక్‌డౌన్‌లో కేకు చేద్దామని కొన్న మూడు అచ్చులు. ఒక్కసారే వాడిన శాండ్‌విచ్ మేకర్. జిమ్‌లో చేరినప్పుడు కొన్న చియా గింజలు, జిమ్ మానేశాక కూడా ఉన్న ఓట్స్. జీలకర్ర ప్యాకెట్లు మూడు, అందులో రెండు తెరిచినవే. మరి అమ్మ కత్తిపీట, కవ్వం, పప్పుగుత్తి రోజూ ముందు వరసలోనే ఉన్నాయి.

మా ఆవిడ నవ్వి ఊరుకుంది. అమ్మ ఏమీ అనలేదు, అది ఇంకా ఘోరం.

సత్యం అంటే అబద్ధం ఆడకపోవడం ఒక్కటే కాదు. మన గురించి మనం చెప్పుకునే అబద్ధాలు ఆపడం కూడా. "రేపట్నుంచి హెల్దీగా తింటా" అనే అబద్ధం ఓట్స్ రూపంలో అరలో కూర్చుని ఉంది. "వీకెండ్ బేకింగ్ చేస్తా" అనేది కేకు అచ్చులై ఉంది. ఆ వస్తువు కనపడినప్పుడల్లా మనసులో చిన్న ముల్లు గుచ్చుకుంటుంది. వంటింట్లో టెన్షన్ అంటే చాలావరకు ఇదే. దాన్ని ఇచ్చేస్తే పోయేది వస్తువు కాదు, ఆ ముల్లు.

ప్యాకెట్ల మీద తేదీలు కూడా సత్యంలోకే వస్తాయి. "బెస్ట్ బిఫోర్" అని ఉంటే ఆ తేదీ దాకా రుచి, నాణ్యత బాగుంటాయని అర్థం. దాటిన మర్నాడే విషం అయిపోదు, చూసి, వాసన చూసి తేల్చుకోవచ్చు. "ఎక్స్‌పైరీ" లేదా "యూజ్ బై" అని ఉంటే మాత్రం దాటాక వాడకూడదు. ఈ రెండూ ఒకటే అనుకుని మంచివి పారేసేవాళ్లు, చెడ్డవి దాచేవాళ్లు ఇద్దరూ ఉన్నారు.

ఇంకోటి. కొత్త కందిపప్పు తెస్తే డబ్బాలో పాతపప్పు మీద పోసేస్తాం. అడుగున పాతది అలాగే ఉండిపోయి పురుగు పడుతుంది. మా అమ్మ పాతది పళ్లెంలోకి వంపి, డబ్బా తుడిచి, కొత్తది పోసి, పాతది పైన పోస్తుంది. ముందొచ్చింది ముందు వెళ్లాలి. ఇంజినీరింగ్ రెండో ఏడాదిలో క్యూ అని దీన్నే ఒక సెమిస్టర్ చదివాను. అమ్మకి ఆ పేరు తెలీదు, పని తెలుసు.

3. అస్తేయం: మనది కానిది మన అరలో ఎందుకు?

అస్తేయం అంటే దొంగతనం చేయకపోవడం. మా వంటింట్లో దొంగసొత్తు బాగానే దొరికింది! ఎదురింటివాళ్లు పులిహోర పెట్టి పంపిన డబ్బా, ఫ్రెండ్ వాళ్లమ్మ పచ్చడి ఇచ్చిన సీసా, మా ఆఫీసులో ఎవరిదో క్యారియర్ గిన్నె. ముందు ఇవన్నీ ఎవరివి వాళ్లకి ఇచ్చేశాం. గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు అంటారు కదా మన పెద్దలు. కాస్త పంచదారైనా వేసి ఇచ్చాం. ఆ సాయంత్రం ఎదురింట్లో అరగంట కూర్చున్నాం. నాలుగేళ్లుగా అదే ఫ్లోర్‌లో ఉంటూ వాళ్లింట్లోకి వెళ్లడం నాకు అదే మొదటిసారి.

అస్తేయానికి ఇంకా లోతైన అర్థం ఉంది. గీత మూడో అధ్యాయంలో, దేవతలు ఇచ్చినదాన్ని తిరిగి అర్పించకుండా తానొక్కడే అనుభవించేవాడు దొంగే అని కృష్ణుడు అంటాడు. నాకోసమే అని దాచి, నేనూ తినక, ఎవరికీ పెట్టక, ఆఖరికి పురుగులపాలు చేసిన బియ్యం ఎవరి నోటి దగ్గరివి? ఆ మాట తలుచుకుంటే వెనక వరసలో ప్యాకెట్లని చూసే చూపు మారుతుంది. తేదీ ఇంకా ఉన్నవి, తెరవనివి, ఇప్పుడే ఇచ్చేయండి. "ఇంకా చూద్దాంలే" అని తేదీ దాటేదాకా ఉంచకండి.

అయితే జాగ్రత్త. ఇక్కడే మనం ఇంకో తప్పు చేస్తాం. కఠోపనిషత్తు మొదలయ్యేదే ఈ తప్పుతో. నచికేతుడి తండ్రి తనకున్నదంతా దానం చేస్తానని యాగం మొదలుపెట్టి, పాలు ఎండిపోయిన ముసలి ఆవుల్ని దానం ఇస్తున్నాడు. చిన్నపిల్లాడు నచికేతుడికి అది చూసి మనసు ఆగలేదు. అలాంటి దానం వల్ల ఏం లోకాలు వస్తాయి అని ఆలోచించాడు, తండ్రిని ప్రశ్నించాడు. మనం ఏం చేస్తున్నాం? పూత లేచిపోయిన నాన్‌స్టిక్ పెనం, షాక్ కొట్టే మిక్సీ, హ్యాండిల్ ఊడిన కుక్కర్ పనమ్మాయికి ఇచ్చి "దానం చేశాం" అనుకుంటున్నాం. అది దానం కాదండీ, మన చెత్తని ఇంకొకళ్ల ఇంటికి పంపడం. మీ చెల్లెలికి ఇవ్వగలిగేదే ఇవ్వండి. ఇవ్వలేనిది పాత సామాన్లలోకో, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకో పంపండి. ఇచ్చేటప్పుడు కడిగి, తుడిచి, మూత జత చూసి ఇవ్వండి.

4. బ్రహ్మచర్యం: గుమ్మం దగ్గర కాపలా

ఈ మాట వినగానే మనవాళ్లు నవ్వుతారు. గృహస్థుకి దీని అర్థం ఇంద్రియాల్ని హద్దులో ఉంచుకోవడం అని తీసుకోండి. వంటింటి విషయంలో ఆ ఇంద్రియం బొటనవేలు. పది నిమిషాల్లో డెలివరీ యాప్ మీద తిరిగే బొటనవేలు.

ఎంత సర్దినా, రోజూ లోపలికి వచ్చేది ఆగకపోతే నెలకి మళ్లీ మొదటికే వస్తుంది. ఉన్న మూడు జీలకర్ర ప్యాకెట్లూ ఎలా వచ్చాయి? లేదనుకుని ఆర్డర్ పెట్టడం వల్ల. డబ్బా తెరిచి చూడటం కన్నా ఫోన్ తెరవడం తేలికైపోయింది. అందుకని మా ఇంట్లో ఒక్కటే నియమం పెట్టుకున్నాం. ఆర్డర్ పెట్టే ముందు డబ్బా మూత తీసి చూడాలి. అంతే. గిన్నెల విషయంలో ఇంకోటి: ఒకటి లోపలికి రావాలంటే ఒకటి బయటికి వెళ్లాలి.

అరణ్యపర్వంలో అక్షయపాత్ర గుర్తుందా? పాండవులు అడవిలో ఉన్నప్పుడు సూర్యభగవానుడు ధర్మరాజుకి ఇచ్చిన పాత్ర. ఎంతమంది అతిథులు వచ్చినా అన్నం వస్తూనే ఉంటుంది. మనం దాన్ని ఎప్పుడూ తరగనిది అనుకుంటాం. కానీ దానికి ఒక హద్దు ఉంది. ద్రౌపది భోజనం చేసేశాక ఆ రోజుకి ఇక ఇవ్వదు. మళ్లీ రేపే. రేపటి అన్నం ఈరోజు ఇవ్వదు. దుర్వాసుడు శిష్యులతో వచ్చిన రోజు కూడా పాత్ర కడిగేసి ఉంది. దాని అంచుకి అంటుకున్న కాస్త ఆకుకూర కృష్ణుడు నోట్లో వేసుకున్నాడు, వాళ్లందరి ఆకలీ తీరిపోయింది. పన్నెండేళ్ల వనవాసానికి దేవుడు ఇచ్చింది పన్నెండేళ్ల సరుకు కాదు, రోజూ ఖాళీ అయ్యే ఒక్క పాత్ర.

అలాగని నిల్వే తప్పు అని కాదు. వేసవిలో ఏడాదికి సరిపడా ఆవకాయ, మిరపకాయలు, చింతపండు పెట్టుకోవడం దురాశ కాదు, అది కాలం తెలిసినవాళ్ల తెలివి. తుపాను చూసిన మా అమ్మ నాలుగు నెలల కందిపప్పు ఉంచుకుంటుంది. ఇప్పుడు నేను దాన్ని ముట్టను. అది భయంతో చేసింది కాదు, అనుభవంతో చేసింది. ఆఫర్ ఉందని నేను కొన్న నాలుగు సాస్ సీసాలకి అలాంటి కారణం ఒక్కటీ లేదు.

5. అపరిగ్రహం: ఇప్పుడు చేయి వదలడం

నాలుగు మెట్లు ఎక్కాక ఐదోదానికి పెద్ద కష్టం ఉండదు. అప్పటికి చాలా వస్తువులు వాటంతట అవే వెళ్లిపోయి ఉంటాయి.

వస్తువుల వెంట వచ్చే బాధలు వ్యాసభాష్యంలో ఐదు చెప్తారు. సంపాదించడంలో కష్టం, కాపాడటంలో కష్టం, పోతే కష్టం, దాని మీద పెరిగే తగులం, దానికోసం జరిగే హింస. ఇవి చూసి స్వీకరించకపోవడమే అపరిగ్రహం. నా ఎయిర్ ఫ్రయర్‌కి ఇవన్నీ వరసగా పెట్టి చూశాను. కొనడానికి ఈఎంఐ. పెట్టడానికి చోటు లేదు, తుడవాలి. పాడైతే బాధ. వాడకపోయినా ఇవ్వబుద్ధి కాదు. దానికి చోటు చేయడానికే కదా నేను అమ్మ డబ్బాలు అమ్మేసింది? ఐదోది కూడా జరిగిపోయింది.

తిరుమల గురించి ఒక మాట చెప్పి ముగిస్తా. స్వామికి బంగారానికి కొదవ లేదు, మనందరికీ తెలుసు. కానీ రోజూ నైవేద్యంలో స్వామికి పెరుగన్నం పెట్టేది ఓటికుండలో. ఓడు అంటారు, కొత్త మట్టికుండ, పగిలిన ముక్క. కులశేఖరపడి దాటి లోపలికి వెళ్లే ప్రసాదం అదే అని సంప్రదాయంగా చెప్తారు. దీని వెనక కుమ్మరి భక్తుడి కథ ఉంది. తొండమాన్ చక్రవర్తి బంగారు పూలతో పూజ చేస్తుంటే వాటి మీద మట్టి పూలు కనపడేవట. ఎవరివా అని వెతికితే, పని చేసుకుంటూ చేతికంటిన మట్టితోనే పూలు చేసి స్వామికి పెట్టే ఒక కుమ్మరివి. స్వామి బంగారాన్ని కాదనలేదు. మట్టిని వదల్లేదు. వస్తువు ఖరీదు చూడలేదు, ఏ చేయి ఇచ్చిందో చూశాడు.

నేను కిలోల లెక్కన చూశాను. ఆ డబ్బా గుర్తొచ్చినప్పుడల్లా ఇదే అనుకుంటాను.

అందుకని ఏ వస్తువు ఉంచాలి, ఏది పంపాలి అన్నప్పుడు మేము ఒకే ప్రశ్న వేసుకున్నాం. దీనివల్ల ఇప్పుడు ఎవరికైనా అన్నం అందుతోందా? అందుతుంటే ఉంచుదాం, సొట్ట ఉన్నా సరే. అందకపోతే అందే చోటికి పంపుదాం. అన్నం కాకపోయినా ఒక మనిషి జ్ఞాపకాన్ని అందిస్తుంటే, అది కూడా ఉంచుదాం. కానీ అలాంటివి అటక మీద గోనెసంచిలో కాదు, కళ్లెదురుగా. అమ్మమ్మ పేరున్న గ్లాసు ఇంకొకటి దొరికింది. ఇప్పుడు దేవుడి దగ్గర తీర్థానికి అదే.

చివరికి ఏమైంది

పదిహేడు రోజులు పట్టింది. అమ్మ పెద్ద గుండిగ మా కాలనీ రామాలయానికి ఇచ్చింది. శ్రీరామనవమికి దాంట్లోనే పులిహోర కలిపారు. అమ్మ దూరంగా నిలబడి చూస్తూ "ఇంట్లో ఉంటే ఇంతమందికి ఎప్పుడు పెట్టేదాన్ని" అంది. నా ఎయిర్ ఫ్రయర్ ఆఫీసులో ఒకబ్బాయికి వెళ్లింది, వాడు నిజంగానే వాడుతున్నాడు.

నాకు బాగా గుర్తున్నది ఆఖరి రోజు. సింక్ పైన అర మొత్తం ఖాళీ అయింది. ఏం పెడదామా అని నేను చూస్తున్నా. మన ఇళ్లలో బియ్యం అయిపోతే "అయిపోయాయి" అనరు, "నిండుకున్నాయి" అంటారు కదా. ఖాళీ అనే మాట వంటింట్లో పలకడం మన ఆడవాళ్లకి ఇష్టం ఉండదు. అమ్మ తడిబట్టతో ఆ అర తుడిచి, నా వైపు తిరిగి, "ఉండనీరా. నిండుకుంది" అంది.

ఆ అర ఇప్పటికీ అలాగే ఉంది. ఎవరైనా ఏదైనా కొనబోతే దాని వైపు చూస్తాం.

ఈ వారం మీకు హోమ్‌వర్క్ ఒక్కటే. ఒక్క అర, ఇరవై నిమిషాలు. అది మీది కాకపోతే ఆ వస్తువు ఎవరిదో వాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని "ఇది ఎక్కడిది?" అని అడగండి. ఊళ్లో ఉంటే వీడియో కాల్ చేసి అడగండి. ఏ కథ బయటికి వచ్చిందో నాకు రాయండి, వచ్చే వారం వీడియోలో కొన్ని చదువుకుందాం. పారేయడం తర్వాత, తొందరేం లేదు.

అన్నపూర్ణమ్మ మన అందరి ఇళ్లలో కొలువై ఉండాలని కోరుకుంటూ,

సర్వం శ్రీకృష్ణార్పణమస్తు.